టర్నర్ గారి ఆవిరి బండి

మా ఫ్యాక్టరీ పాత ఉద్యోగులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకు పనికొచ్చేలా ఎవరి అనుభవాలు వాళ్ళు రాయాలని అందులో ఎవరో ఉద్యమం మొదలుపెట్టారు. అందరూ రాశారు. ఒకాయన చెరకు క్రషింగ్ సీజన్ మధ్యలో మిల్లు ఆగిపోకుండా ఎలా కాపాడారో రాశారు. ఇంకొకాయన అదే సీజన్‌లో అదే మిల్లును తానొక్కరే ఎలా కాపాడారో రాశారు. ఇంతమంది ఇన్నిసార్లు కాపాడాక కూడా ఆ పంచదార ఫ్యాక్టరీ ఎలా మూతపడిందో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

నేను అక్కడ వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. కాపాడినవేవీ నా దగ్గర లేవు. పోగొట్టింది ఒకటి ఉంది, అదే రాస్తున్నాను. చదివి మీరు బాగుపడతారన్న ఆశ నాకేమీ లేదు. మా పెద్దవాళ్ళు చెప్పినవి విని నేను బాగుపడ్డానా ఏమిటి?

ఆవిరితో నడిచే రోడ్డు ఇంజను మీలో చాలామంది చూసి ఉండరు. రైలింజనుకు వరసకు తమ్ముడనుకోండి, పట్టాలు అక్కర్లేదు. వెనక రెండు పెద్ద ఇనుప చక్రాలు, ముందు రెండు చిన్నవి, పైన పొగగొట్టం, పక్కన గిర్రున తిరిగే ఫ్లైవీల్. ట్రాక్టర్లు రాకముందు బరువులు లాగడానికీ, బెల్టు తగిలించి యంత్రాలు తిప్పడానికీ వాడేవారు. మా ఫ్యాక్టరీ వెనక తుక్కు యార్డులో అలాంటిదొకటి పిచ్చిమొక్కల మధ్య పడి ఉండేది. నేను అప్రెంటిస్‌గా చేరేనాటికే అది కదలడం మానేసి చాలా కాలమైంది. నేను రిటైరవడానికి ఆరేళ్ళ ముందు, దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోసి తుక్కు కింద పంపేస్తున్నామని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

ఆ కాగితం బోర్డు మీద పెట్టిన రోజు మధ్యాహ్నం మా టర్నర్ గారు క్యారేజీ మూత కూడా తీయకుండా నా దగ్గరికి వచ్చారు.

“ఫోర్‌మన్ గారూ, కోసేసేలోగా దాని కొలతలు తీసేసుకుందామండి.”

“ఎందుకండీ?”

“ఎందుకేంటండి? మళ్ళీ చేసుకోడానికి.”

టర్నర్ అంటే లేతు మిషను మీద పనిచేసేవాడు. ఆయన మా లేతు ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డారు. నేను మైక్రోమీటరు పెట్టి కొలిచే మందాన్ని ఆయన గోటితో రాసి చెప్పేవారు. రెండింటికీ తేడా వస్తే మేం మైక్రోమీటరును రిపేరుకు పంపేవాళ్ళం. అంతటి పనిమంతుడు ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్ళు అడగడానికి మొహమాటపడేవారు. దాహమేస్తే సైకిలెక్కి తన ఇంటికి వెళ్ళి తాగి వచ్చేవారు. మా జిల్లాలో మొహమాటానికి పోటీలు పెడితే మొదటి బహుమతి ఆయనది, రెండోది నాది. అయితే ఆ బహుమతులు పుచ్చుకోడానికి ఇద్దరిలో ఒక్కరూ వేదిక ఎక్కేవాళ్ళం కాదు.

పదకొండు రోజులు భోజనాల గంటలో టేపు, పురికొస, సుద్దముక్క పట్టుకుని ఆ ఇంజనంతా పాకి కొలిచాం. ఎనిమిదో వంతు సైజులో చేద్దామన్నారు ఆయన. అంటే మోకాలెత్తు ఉంటుంది. కాని బొమ్మ కాకూడదు, నిప్పు వేస్తే ఆవిరి రావాలి, ఆవిరి వస్తే బరువు లాగాలి. పన్నెండో రోజు వెళ్ళి చూస్తే యార్డులో చక్రాల కింద పాలిపోయిన నేల తప్ప ఏమీ మిగల్లేదు.

మా ఇంటి వెనక పశువుల సావిడి ఖాళీగా ఉండేది. అందులో ఒక పాత చిన్న లేతు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఇనుమును కదలకుండా పట్టే వైసు ఒకటి బిగించి వర్క్‌షాపు అన్నాం. ఆదివారం నేను గుడి నుంచి వచ్చేసరికి టర్నర్ గారు సావిడి బయట నిలబడి ఉండేవారు. తలుపుకు తాళం ఉండేది కాదు, గడియే. అయినా ఇంటివాళ్ళు లేకుండా గడియ తీస్తే ఏం బాగుంటుందని ఎండలోనే నిలబడేవారు. మా లూథరన్ గుడిలో ప్రసంగం పొడుగైన రోజున ఆయన ముఖం కమిలిపోయి ఉండేది.

ఫోర్‌మన్ పదవి ఒకసారి ఒంటికి పట్టాక ఊరికే వదలదు. ఇంటి సావిట్లో కూడా నేను జాబ్ కార్డులు రాశాను, ఒక్కో పనికి ఒక్కో నంబరు వేశాను. బోల్టు కావాలంటే ఇండెంటు రాసి, శాంక్షన్ అని నేనే సంతకం పెట్టి, నేనే వెళ్ళి డబ్బాలోంచి బోల్టు తీసేవాడిని. ఒకరోజు సావిట్లోంచి టీ కావాలని కేకేస్తే మా ఆవిడ వంటింట్లోంచి, “ఇండెంటు పెట్టారా?” అంది. టర్నర్ గారు నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

బాయిలరుకు రాగి కావాలి. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు కాచుకునే రాగి కాగు, గీజరు వచ్చినప్పటి నుంచి అటక మీద ఉంది. మంచి మందం. దాన్ని అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది. అడిగితే మూడు నిమిషాల్లో దించి ఇచ్చింది. ఆ తర్వాత మాత్రం ఆ ఇంజనును మా ఆవిడ ఏనాడూ ఇంజను అనలేదు. “నా కాగు ఎంతవరకొచ్చింది?” అనే అడిగేది.

నా ముందు చక్రాల సంగతి కూడా చెప్పాలి. అవి నేనే తిప్పాను. రెండూ రెండు సైజుల్లో వచ్చాయి. టర్నర్ గారు చాలాసేపు వాటిని అటూ ఇటూ తిప్పి, “రోడ్డు ఏటవాలుగా ఉన్న చోట బానే నడుస్తుందండి” అన్నారు. మరుసటి ఆదివారం చూస్తే రెండూ ఒకటే సైజులో ఉన్నాయి. ఎవరు సరిచేశారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సిలిండరు, పిస్టను, క్రాంకు, గేర్లు, అన్నీ ఆయన చేతివే. నావి నీళ్ళ ట్యాంకు, వెనక తగిలించే ట్రాలీ, రెండు వందల జాబ్ కార్డులు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఆ బండి నాదని అందరూ అనుకున్నారు. కాదు. ఆలోచన ఆయనది, సగం పైన పని ఆయనది. నాది సావిడి, మా ఆవిడది కాగు.

ఇక మా బాయిలర్ అటెండెంట్ గారు. ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్నవారు. ఆవిరి అన్న మాట ఎక్కడ వినబడినా అది తన శాఖే అనుకునే మనిషి. మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ ఇడ్లీ పాత్ర మూత తీయబోతే, పక్కకు నిలబడి తీయమ్మా అని హెచ్చరించేవారు. బండి బాయిలరు తయారైందని తెలిసి పిలవకుండానే వచ్చారు. పనిచేసే ప్రెషరుకు రెట్టింపు ప్రెషరులో నీళ్ళతో పరీక్ష పెట్టాలన్నారు.

“బొమ్మంత ఉంది కదండీ, అంత అవసరమా?” అన్నాను.

“బొమ్మంత ఉందని ఆవిరి నవ్వుకుంటూ వస్తుందాండి?” అన్నారు.

అరగంట గేజీ ముల్లు కదలకుండా చూసి, నోటు పుస్తకంలో రాసి, కింద నా చేత సంతకం పెట్టించారు. ఫ్యాక్టరీలో ఎప్పుడూ నేనే ఆయన చేత సంతకాలు పెట్టించేవాడిని. ఆ రోజు ఆయన మొహంలో కనిపించిన తృప్తి తర్వాత జరిగిన ఆయన రిటైర్మెంటు సన్మానంలో కూడా కనిపించలేదు.

ఐదో ఏడు గడిచేసరికి టర్నర్ గారు పనిముట్లు తడుముకోవడం మొదలుపెట్టారు. పక్కనే ఉన్న స్పానరు కోసం బల్లంతా వెతికేవారు. అద్దాలు మార్చాలండి అని ఆరు నెలలు గడిపారు. చివరికి వాళ్ళావిడ రాజమండ్రి తీసుకెళ్ళి చూపిస్తే నీటికాసులన్నారు. పక్క చూపు అప్పటికే పోయింది, ఎదర చూపు కూడా మెల్లగా మూసుకుపోతుంది, ఆపరేషన్ చేస్తే ఉన్నది కొన్నాళ్ళు నిలబడుతుంది, పోయింది మాత్రం తిరిగి రాదు. ఇది విని నేను ఆయన్ని ఓదార్చడానికి వెళ్ళాను. ఆయన మాత్రం నన్ను ఓదార్చారు.

“గొట్టంలోంచి చూసినట్టుందండి, అంతే. పనికి గొట్టం చాలు.”

అప్పటికి బండి బిగింపు పూర్తయింది. పంక్చర్ల షాపు నుంచి కంప్రెసర్ తెచ్చి గాలి పట్టిస్తే ఫ్లైవీల్ తిరిగింది. ఆయన చూశారు, సంతోషించారు, కాని తల అడ్డంగా ఊపారు.

“గాలికి ఏదైనా తిరుగుతుందండి. దీనికి ఆవిరి పట్టించి, బరువు లాగుతుంటే ఒక్కసారి చూడాలి. చూపుండగా.”

ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. అప్పుడే మాట అనుకున్నాం. బండి ఆరు నెలలు వాళ్ళింట్లో, ఆరు నెలలు మా ఇంట్లో. మొదటి ఆరు నెలలూ వాళ్ళింట్లో, రోజూ నిప్పు వేసి రోజూ చూసుకోవచ్చని. ఆయన ఆపరేషన్ కోసం రాజమండ్రిలో ఉన్న వారంలోనే అటెండెంట్ గారు ఆగలేక, చక్రాలు పైకెత్తి కట్టి, సావిట్లో మొదటిసారి ఆవిరి పట్టించారు. బ్రహ్మాండంగా తిరిగింది. టర్నర్ గారు లేకుండా తిరిగిందని నాకు దిగులేసింది. అసలు నడక ఆయన ముందే అని ఆపేశాం.

ఆ అసలు నడకకు ముహూర్తం పెట్టింది మా ఆవిడ. మా గుడిలో కోత పండుగ దగ్గరపడింది. ఆ రోజు ఎవరింట్లో పండిన మొదటి పంట వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్ళు, పచ్చడి సీసాలు. ప్రార్థన అయ్యాక అన్నీ ఆవరణలో వేలం వేస్తారు. ఆ రోజు బలిపీఠం ముందుకు చేరిన వస్తువు ఏదైనా దేవుడిదే. ఒక ఏడాది ఎవరిదో కొత్త గొడుగు పొరపాటున ఆనపకాయల మధ్య ఉండిపోయింది. ఆ గొడుగాయన నోరెత్తకుండా తన గొడుగును తానే పాడి కొనుక్కుని, వానలో వేసుకుని ఇంటికి వెళ్ళాడు.

“మన గుమ్మడికాయలు ఈసారి ట్రాలీలో వేసి, నా కాగు చేత లాగిద్దామండి. ఊరంతా చూస్తారు. టర్నర్ అన్నయ్యగారిని కూడా రమ్మనండి, ఆయనా చూస్తారు. సాయంత్రం అటునుంచి అటే బండి వాళ్ళింటికి తీసుకెళ్ళిపోతారు” అంది. ఇంత చక్కటి ఆలోచనలో పొరపాటు ఎక్కడుందో ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు.

పండుగ ఉదయం ఇంటి ముందు నిప్పు వేశాం. ట్రాలీలో రెండు గుమ్మడికాయలు, ఒక వరి కంకుల కట్ట. చూపు తగ్గి సైకిలు మానేసిన టర్నర్ గారు పొద్దుటే తమ ఊళ్ళో బస్సెక్కారని ఫోనొచ్చింది. నిడదవోలు రైల్వే గేటు దగ్గర గూడ్సుబండి అడ్డం నిలిచిపోయిందని ఇంకో ఫోనొచ్చింది. ఆగాం. ఆరాధన వేళ దాటిపోతోందని గుడి నుంచి కబురొచ్చింది. ఇంకాసేపు ఆగాం. ఇంకోసారి కబురొచ్చింది. పాస్టర్ గారు ఎదురుచూస్తున్నారంటే కాదనడం ఎలా అని బయల్దేరదీశాను. మొహమాటం నంబరు ఒకటి. లెక్క పెట్టుకోండి, ఆ రోజు ఇంకా చాలా ఉన్నాయి.

బండి నడిచింది. ఏమని చెప్పను! బుసబుసమంటూ, చిన్న చిన్న పొగ ఉండలు వదులుతూ, గుమ్మడికాయలు లాక్కుంటూ మా వీధి దాటి, కాలవ గట్టెక్కి, గుడి గేటు దాకా వెళ్ళింది. జనం రెండు పక్కలా నిలబడ్డారు. నేను వంగి స్టీరింగు తిప్పుతున్నాను, అటెండెంట్ గారు పక్కన నడుస్తూ ఐదు నిమిషాలకోసారి నీటి మట్టం రాసుకుంటున్నారు. గేటు దగ్గర ఈల వేస్తే చిన్నపిల్లలు చెవులు మూసుకుని గంతులేశారు. చూడవలసిన మనిషి మాత్రం నిడదవోలు గేటు దగ్గర బస్సులో కూర్చుని ఉన్నారు.

గుళ్ళో పొగ వద్దని బయటే నిప్పు తీసేశాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి గుడి యూత్ వాళ్ళు నలుగురు బండినీ, ట్రాలీనీ, గుమ్మడికాయల్నీ కలిపి దుప్పటి మీద ఎత్తుకెళ్ళి బలిపీఠం ముందు పెట్టేశారు. గుమ్మడికాయలే కానుక అని వాళ్ళకు నేను చెప్పలేదు. అది కూడా చెప్పాల్సిన విషయమని నేననుకోలేదు.

పాస్టర్ గారు పీఠం దిగి వచ్చి బండి మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“ప్రియ సంఘమా! మన సహోదరుడు ఆరు సంవత్సరములు తన చేతులతో చేసిన ఈ కష్టార్జితమును ప్రథమ ఫలముగా ప్రభువు సన్నిధికి తెచ్చియున్నారు.”

లేచి నిలబడ్డాను. “అయ్యగారూ, అది... గుమ్మడికాయలండి...” అన్నాను.

“చూచితిరా!” అన్నారు పాస్టర్ గారు. “ఇంతటి కానుక తెచ్చి, గుమ్మడికాయలను గూర్చియే చెప్పుచున్నారు. ఇదియే తగ్గింపు మనస్సు!”

సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ కళ్ళతో చెబుతోంది, చెప్పండి, చెప్పండి అని. చెప్పొచ్చు. అయ్యా, అందులో సగం నాది కాదు, ఇది కానుక కాదు అని రెండు ముక్కలు. కాని అంతమంది చప్పట్లు కొడుతుంటే, పాస్టర్ గారు కళ్ళు తుడుచుకుంటుంటే, దేవుడికి ఇచ్చింది వెనక్కి లాక్కున్నవాడిగా నిలబడటానికి నాకు నోరు రాలేదు. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

అప్పుడు టర్నర్ గారు వచ్చారు. చెప్పులు బయట విప్పి, మన గుడి కాదు కదా ముందుకెళ్తే బాగుండదని చివరి గోడకు ఆనుకుని నిలబడ్డారు. అంత దూరం నుంచి ఆయనకు బండి కనబడదు. నా శాలువా కనబడిందట. ఫోర్‌మన్ గారికి సన్మానం చేస్తున్నారని ఆయన కూడా చప్పట్లు కొట్టారట.

వేలం మొదలైంది. కోళ్ళు పోయాయి, కొబ్బరికాయలు పోయాయి, మా గుమ్మడికాయలు కూడా పోయాయి. తర్వాత బండి. నేను పాస్టర్ గారి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో శాలువాతో కూర్చుని ఉన్నాను. గొడుగాయనలా నేనూ పాడొచ్చు. కాని ఆయన దొంగచాటుగా పాడాడు. తగ్గింపు మనస్సు ఉన్న దాతను, నేనిచ్చిన కానుకకు నేనే ఎలా పాడను?

ముందు పాడింది టర్నర్ గారు. ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని ముప్పై ఏళ్ళలో నాకు తెలియదు. ఆ మీద అతిథిగా వచ్చిన ఒక పెద్దమనిషి పాడారు. రైసు మిల్లులున్నాయి, ఆ మధ్యే పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు, అందరూ కరస్పాండెంట్ గారు అంటారు. ఆయన మీద మా బాయిలర్ అటెండెంట్ గారు పాడారు. ఆయన మీద టర్నర్ గారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరూ మనవాళ్ళే, ఎవరికొచ్చినా బండి మనదే అనుకున్నాను. అంతలో ఆ ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు.

“అయ్యో, మీరు పాడుతున్నారని తెలీలేదండి. కానివ్వండి, కానివ్వండి.”

“అబ్బే, మొదలెట్టింది మీరు. మీరే కానివ్వండి.”

“ఫోర్‌మన్ గారికి తిరిగిచ్చేద్దామనండి నేను.”

“నేనూ అందుకేనండి. అయితే ఆ ఇచ్చేదేదో మీ చేతుల మీదుగా ఇవ్వండి, బావుంటుంది.”

“మీరుండగా నేనేంటండి? సర్వీసులో మీరు పెద్ద.”

“పనంతా మీది కదండీ. నేను పాడితే ఏం బాగుంటుంది?”

వేలం పాడిస్తున్న సంఘం సెక్రటరీ గారికి గుడి గుమ్మం దగ్గరి ఈ సంభాషణ వినబడదు, నాకూ తర్వాత వాళ్ళు చెబితేనే తెలిసింది. ఒకటోసారి అన్నారు. రెండోసారి అన్నారు. కరస్పాండెంట్ గారు మెల్లగా చెయ్యెత్తి ఒక్క మెట్టు పెంచారు. వాళ్ళిద్దరూ ఇంకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మీరంటే మీరని బతిమాలుకుంటున్నారు. ఆయన పాట మీద మళ్ళీ మూడుసార్లూ అనడం అయిపోయింది, బండి ఆయనదైంది.

మా ఆవిడ ఇంటికెళ్ళాక నన్ను దులిపేసింది. “నోట్లో నాలిక లేదా మీకు? నా కాగు ఇస్తే ఇచ్చారు, అన్నయ్యగారి కష్టం ఇవ్వడానికి మీరెవరు?” టర్నర్ గారు తిట్టినా బాగుండేది. ఆయన వేపచెట్టు కింద నిలబడి, “దేవుడికేగా వెళ్ళింది, పోన్లెండి” అని, ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగారు.

బండి పాలిటెక్నిక్ కాలేజీ ముందు హాల్లో అద్దాల పెట్టెలోకి చేరింది. అటెండెంట్ గారు వెళ్ళి ఫోనులో ఫొటో తీసి పంపారు. నిలువెల్లా బంగారు రంగు వేశారు. కింద ఇత్తడి పలక మీద, మా మెకానికల్ విద్యార్థుల సృష్టి అని రాయించారు. ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. మర్నాడే కాలేజీకి వెళ్ళాను. కరస్పాండెంట్ గారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, బాదం పాలు తెప్పించి, కాలేజీ డైరీ ఒకటి, క్యాలెండర్ ఒకటి చేతిలో పెట్టారు. బాదం పాలు తాగేశాక పలక సంగతి ఎత్తడం ఏం మర్యాదని వచ్చేశాను. ఆ క్యాలెండర్‌ను మా ఆవిడ గోడకు తగిలించనివ్వలేదు.

ఏడాది తర్వాత ఆయనే ఫోన్ చేశారు. కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందట. బండిని నడిపి చూపించాలట. వాళ్ళ ల్యాబ్ వాళ్ళు నెల రోజులు ప్రయత్నించినా అది పొగ తప్ప ఏమీ వదల్లేదట. “మీరొచ్చి ఒక్కసారి తిప్పి పెట్టాలండి” అన్నారు. ఒక మనిషిని తోడు తెచ్చుకుంటానన్నాను. దానికేముందండి అన్నారు.

అప్పటికి టర్నర్ గారికి ఎదురుగా పళ్ళెమంత మేరే కనబడుతోంది. ఆ పళ్ళెం కూడా నెలనెలా చిన్నదవుతోందని డాక్టరు చెప్పారు. కాలేజీకి వెళ్దామంటే ఆయన ఇస్త్రీ బట్టలు వేసుకుని బయల్దేరారు. బస్సులో దారంతా మోకాలి మీద వేళ్ళు తాళం వేస్తూనే ఉన్నాయి.

బండిని పెట్టెలోంచి తీయించి హాలు మధ్య బల్ల మీద పెట్టించాను. ప్రెషరు మితిమీరితే ఆవిరిని వదిలేసే సేఫ్టీ వాల్వు మీద కూడా బంగారు రంగు వేసి పూర్తిగా అతికించేశారు. మా అటెండెంట్ గారు చూసి ఉంటే ఆ కాలేజీని అక్కడికక్కడే సీలు వేసేవారు. అదంతా గీకి, శుభ్రం చేసి, నీళ్ళు పోసి, బొగ్గు అంటించాను. టర్నర్ గారు ఫ్లైవీల్‌కు ఎదురుగా కుర్చీ వేయించుకుని, మొహం దానికి జానెడు దూరంలో పెట్టి కూర్చున్నారు. రంగు వేసిన సిలిండరు మీద గోటితో రాసి చూసుకున్నారు. ప్రెషరు నలభై పౌండ్లకు వస్తే కదులుతుంది. గేజీ నాకు కనబడుతోంది, ఆయనకు కనబడదు. పది అన్నాను. పదిహేను. పాతిక. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

అప్పుడే కమిటీ వాళ్ళు వచ్చేశారు. అరగంట ముందుగా. ముగ్గురున్నారు. వాళ్ళలో పెద్దాయనకు యంత్రాల మీద నిజంగానే ఆసక్తి ఉన్నట్టుంది, వంగి వంగి చూశారు.

“ఈ బాయిలర్, ఈ సిలిండర్ ఫినిషింగ్... ఇవన్నీ స్టూడెంట్సే చేశారా?”

“అంతా మా పిల్లలేనండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు” అన్నారు కరస్పాండెంట్ గారు. “వీళ్ళిద్దరూ మా ల్యాబ్ అటెండర్లు. ఏమండీ, చెప్పండి సార్‌కి.”

అందరూ నా వైపు తిరిగారు. గుడిలో చప్పట్లు, శాలువా, బాదం పాలు అన్నీ ఒక్కసారి నా గొంతులోకి వచ్చాయి. ఈసారి మాత్రం ఊరుకోకూడదు అనుకున్నాను. జన్మలో మొదటిసారి నా మాట నాకే గట్టిగా వినబడింది.

“ఇది ఏ పిల్లలూ చేయలేదండి. ఇదిగో, ఇక్కడ కూర్చున్న ఈయన చేశారు. సిలిండరు ఈయన బోరు చేశారు, క్రాంకు ఈయన తిప్పారు. ఈయనంత టర్నరు గోదావరికి రెండు పక్కలా లేడు. వీళ్ళు వేసింది ఆ దిక్కుమాలిన రంగొక్కటే.”

నాకు చెప్పలేనంత హాయిగా ఉంది. కరస్పాండెంట్ గారు మాత్రం తడబడలేదు, ఆ స్థాయికి చేరినవాళ్ళు ఊరికే చేరరు. “పెద్దాయనకి ఎండ తగిలినట్టుంది సార్. రండి సార్, ముందు భోజనం కానిద్దాం” అని కమిటీని తీసుకుని మెట్లెక్కేశారు. యంత్రాల మీద ఆసక్తి ఉన్న పెద్దాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు, తర్వాత భోజనానికి వెళ్ళారు. అటెండరొకడు బకెట్టుతో నీళ్ళు తెచ్చి నిప్పు మీద పోశాడు. మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. కాలేజీకి మంచి గ్రేడే వచ్చిందని తర్వాత రోడ్డు పక్క ఫ్లెక్సీలో చూశాను. బండి ఇప్పటికీ ఆ అద్దాల పెట్టెలోనే ఉంది, ఇత్తడి పలక కూడా అలాగే ఉంది. టర్నర్ గారికి ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో పళ్ళెమంత చూపు కూడా పోయింది. ఇది రాసి ఆయనకు నేనే చదివి వినిపించాలి.

ఆ రోజు తిరుగు బస్సులో మాకు పక్కపక్కన సీట్లు దొరికాయి. నేను గర్వంగా కూర్చున్నాను. ఇన్నాళ్ళకు ఆయన పేరు నిలబెట్టానని, ఆయన ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు. కిటికీ అవతలివేవీ ఆయనకు ఆనవని నాకు తెలుసు.

“ఫోర్‌మన్ గారూ, మీరు మాట్లాడేసరికి గేజీ ఎంతలో ఉందండి?”

“ముప్పై అయిదండి.”

“నలభైకి తిరుగుతుంది కదండీ.”

“తిరుగుతుందండి.”

“పేరుదేముందండి” అన్నారు టర్నర్ గారు, ఎంతో మెల్లగా, నన్ను నొప్పించకుండా. “ఇంకో అయిదు పౌండ్లు ఆగి చెప్పాల్సిందండి.”